కొలెస్ట్రాల్ జన్యు పరీక్ష: 3వ పేజీ నమ్మదగినది, 11వ పేజీ నమ్మరానిది

మా నాన్నగారు 46 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. ఆయన రెండు మడమల వెనుకా నరం మీద గోళీకాయంత గట్టి ఉబ్బులు ఉండేవి. చెప్పుల రాపిడికి వచ్చినవేనని ఇంట్లో అందరం అనుకున్నాం. నిరుడు నాకు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) బాగా ఎక్కువగా, 238 వచ్చినప్పుడు డాక్టరుగారు, కొలెస్ట్రాల్ పేరుకుని వచ్చే అలాంటి ఉబ్బుల కోసం ముందుగా నా మడమలే తడిమి చూసి, జన్యు పరీక్ష చేయించుకోమన్నారు. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ల్యాబుకు 12,000 రూపాయలు కట్టాను. ఇంటికే వచ్చి రక్తం తీసుకున్నారు, చెప్పిన గడువుకే రిపోర్టు పంపారు.

22 పేజీల ఆ రిపోర్టులో అసలు సంగతి 3వ పేజీలో ఉంది: ఎల్‌డీఎల్ఆర్ జన్యువు రెండు ప్రతులలో ఒకదానిలో వ్యాధికారక మార్పు. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టి కాలేయ కణాల్లోకి లాగే గ్రాహకాన్ని (రిసెప్టర్) ఈ జన్యువే తయారు చేయిస్తుంది. ఆ గ్రాహకాన్ని కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గ్రాహకం సరిగా పనిచేయకపోతే, ఎంత పథ్యం చేసినా, పుట్టుకతోనే మొదలైన ఎల్‌డీఎల్ భారం రక్తనాళాల మీద ఏళ్ల తరబడి పడుతూనే ఉంటుంది. దీనికి ఎదురు నిదర్శనమూ ఉంది. ఆ గ్రాహకాలను తగ్గించే పీసీఎస్‌కే9 అనే జన్యువు దెబ్బతిని పుట్టిన నల్లజాతి అమెరికన్లలో ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువగా, గుండె ధమనుల జబ్బు ముప్పు 88 శాతం తక్కువగా ఉన్నట్టు 2006లో వెల్లడైంది. ఇంత గట్టి ఆధారం ఉన్న విషయాన్ని ల్యాబువారు స్పష్టంగా, ఏ తొట్రుపాటూ లేకుండా రాశారు. నేను కట్టిన డబ్బుకు ఆ ఒక్క పేజీ చాలు.

నా అభ్యంతరమంతా 11వ పేజీ మీద. అక్కడ ఆకుపచ్చ పెట్టెలో, హెచ్‌డీఎల్‌ను (మంచి కొలెస్ట్రాల్ అనేదాన్ని) పెంచే ఒక మార్పు నాలో ఉంది కనుక నాకు ‘జన్యుపరమైన గుండె రక్షణ’ ఉందని ముద్రించారు. హెచ్‌డీఎల్‌ను విచ్ఛిన్నం చేసే ఎండోథీలియల్ లైపేజ్ అనే ఎంజైము జన్యువులోని ఇటువంటి మార్పునే 2012లో వేలాది మందిలో పరిశీలించారు. హెచ్‌డీఎల్ పెరిగిన మేరకు గుండెపోట్లు 13 శాతం తగ్గాలని లెక్క వేస్తే, అసలు తగ్గనే లేదు. హెచ్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవారిలో గుండె జబ్బు తక్కువగా కనిపించే మాట నిజమే కానీ, దాన్ని పెంచినంత మాత్రాన రక్షణ దొరుకుతుందనడానికి జన్యువులు సాక్ష్యం చెప్పడం లేదు. ఆ పెట్టె చూసిన మా బావగారు, ఇక కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఎందుకని నన్ను అడిగారు. చదువుకున్న మనిషే అలా అనుకున్నప్పుడు ఆ పేజీ ఎంత ప్రమాదకరమో వేరే చెప్పాలా? ల్యాబుకు రాస్తే, అది ‘సాధారణ సమాచారం’ మాత్రమేనని జవాబిచ్చారు.

అంతకన్నా పెద్ద లోటు మరొకటుంది. 3వ పేజీలోని ఎల్‌డీఎల్ఆర్ మార్పు నా తోబుట్టువులలో, పిల్లలలో ఒక్కొక్కరికీ ఉండే అవకాశం 50 శాతమని రిపోర్టులో ఎక్కడా లేదు, ఫోన్ చేసి వివరించినవారూ లేరు. డాక్టరుగారు చెప్పబట్టి మా చెల్లెలు ముందు మామూలు లిపిడ్ పరీక్ష, తరువాత ఆ ఒక్క మార్పు కోసం జన్యు పరీక్ష చేయించుకుంది. ఆమెకూ ఉంది. తొమ్మిదేళ్ల మేనల్లుడికి వచ్చే వారం రక్తం తీస్తారు.