మోజెల్ నది వెంట మోటార్‌హోమ్: ఎక్కడ ఆగాలి, ఎక్కడ అక్కర్లేదు

మొదటిసారి మోటార్‌హోమ్ (పడకలూ వంటగదీ ఉన్న బండి) తీసుకుని యూరప్ తిరగాలనుకునేవాళ్ళు ఐదారు దేశాల జాబితా పక్కన పెట్టి, ఒక నదిని పట్టుకుంటే మంచిది. మేం పట్టుకున్నది మోజెల్. ఫ్రాన్స్‌లో పుట్టి, కొంత దూరం లక్సెంబర్గ్‌కీ జర్మనీకీ హద్దుగా ఉండి, తర్వాత జర్మనీలో వంకర్లు తిరుగుతూ కోబ్లెంజ్ దగ్గర రైన్‌లో కలుస్తుంది. ట్రియర్ నుంచి కోబ్లెంజ్‌కి మోటార్‌వే మీద రెండు గంటల్లోపే చేరిపోవచ్చు. నది వెంట మాత్రం అది దాదాపు 200 కిలోమీటర్లు. ఆ తేడాలోనే చూడాల్సినదంతా ఉంది.

బండి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండే మా బావమరిది మాట్లాడిపెట్టాడు. అతనూ, అతని భార్య అయిన మా చెల్లెలూ, మేమిద్దరం, మొత్తం నలుగురం. మూడున్నర టన్నుల లోపు బండి అయితే మామూలు కారు లైసెన్స్ చాలు. ఆ బరువు లోపు బండికి జర్మనీలోనూ లక్సెంబర్గ్‌లోనూ టోల్ కూడా లేదు. నేను హైదరాబాద్‌లో ఐడీపీ (విదేశాల్లో బండి నడపడానికి ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్) తీసుకునే వెళ్ళాను కానీ, ద్రాక్షతోటల ఊళ్ళలో సందులు చూశాక స్టీరింగ్ అతనికే వదిలేశాను. అద్దె కంపెనీవాళ్ళు బండి అప్పగించేటప్పుడు అన్నీ పది నిమిషాల్లో చూపించి పంపేస్తారు. నీళ్ళ ట్యాంకు, గ్యాస్, టాయిలెట్ క్యాసెట్ (టాయిలెట్ కింద మలమూత్రాలు చేరే పెట్టె) తీసే పద్ధతి ఫోన్‌లో వీడియో తీసుకోండి. వెనక సైకిల్ స్టాండ్ ఎంత బరువు మోస్తుందో కూడా ముందే అడగాలి. రెండు ఎలక్ట్రిక్ సైకిళ్ళు పెడితే చాలా స్టాండ్‌లకి అదే హద్దు. అందుకే మేం మామూలు సైకిళ్ళు రెండు మోసుకెళ్ళి, కావాల్సిన ఊళ్ళో ఇంకో రెండు అద్దెకు తీసుకున్నాం.

రాత్రి ఆగడానికి ఇక్కడ రెండు దారులు. క్యాంప్‌సైట్‌లో స్నానాల గదులు, బట్టలు ఉతికే మెషీన్, పొద్దున్నే వేడి బ్రెడ్ రోల్స్ ఉంటాయి. చాలా చోట్ల మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా గేటు మూసి విశ్రాంతి తీసుకుంటారు. ఆ టైంలో వెళ్తే బయట ఎండలో నిలబడాల్సిందే. రెండోది స్టెల్‌ప్లాట్స్, అంటే మోటార్‌హోమ్‌ల కోసమే ఉన్న పార్కింగ్. నీళ్ళకీ కరెంటుకీ నాణేలు వేయాలి, వాడిన నీళ్ళు వదలడానికీ క్యాసెట్ ఖాళీ చేయడానికీ చోటు ఉంటుంది. మోజెల్ మీద రాత్రికి పది పదిహేను యూరోలు. క్యాంప్‌సైట్‌లో నలుగురికి దానికి రెండింతలు, ఒక్కోసారి మూడింతలు. వైన్ చేసే కుటుంబాలు కొన్ని తమ పెరట్లోనే చోటిస్తాయి. వాటిలో ఏమైనా కొనమని ఎవరూ బలవంతం చేయరు కానీ, ఒక సీసా కొంటే బాగుంటుంది. మా ఆవిడ తాగదు కాబట్టి ద్రాక్షరసం కొన్నాం, దానికీ అంతే సంతోషించారు. నా ఓటు ఈ పెరళ్ళకే. రెండు మూడు రాత్రులకొకసారి మాత్రం స్నానాలకీ బట్టలకీ క్యాంప్‌సైట్ అవసరం.

వంట గురించి ఒక మాట. కొన్ని చోట్ల కరెంటు ఆరు ఆంపియర్లే ఇస్తారు. రైస్ కుక్కర్, కెటిల్ ఒకేసారి పెడితే ఫ్యూజ్ పోతుంది. పోపు పెట్టేటప్పుడు పైకప్పు కిటికీ తెరవకపోతే వాసన పరుపుల్లో ఉండిపోతుంది. రాత్రి పదయ్యాక ప్రెషర్ కుక్కర్ విజిల్ వేయిస్తే పక్క బండిలో దీపం వెలుగుతుంది, కాబట్టి పప్పు సాయంత్రమే ఉడికించుకోండి. పచ్చళ్ళూ పొడులూ సూట్‌కేస్‌లో తెచ్చుకోవచ్చు గానీ నెయ్యి వద్దు. పాలతో చేసినవేవీ బయటి దేశాల నుంచి తేనివ్వరు. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసే ఉంటాయని కూడా గుర్తుపెట్టుకోవాలి.

మొదలు లక్సెంబర్గ్‌లోని షెంగెన్ నుంచి పెట్టుకున్నాం. మన పాస్‌పోర్ట్‌లో వీసా మీద ఉండే పేరు ఈ చిన్న ఊరిదే. 1985 జూన్ 14న ఇక్కడ నదిలో ఆగిన ఓడ మీద, సరిహద్దుల దగ్గర తనిఖీలు ఎత్తేసే ఒప్పందానికి సంతకాలు చేశారు. చిన్న మ్యూజియం ఉంది, గంట చాలు. ఇక్కడి అసలు సరదా సైకిల్ మీద ఉంది. వంతెన దాటితే జర్మనీ, కాస్త పక్కకి తొక్కితే ఫ్రాన్స్, మమ్మల్ని ఎక్కడా ఎవరూ ఆపలేదు. వీసా ఇంటర్వ్యూ టెన్షన్ తలుచుకుని మా ఆవిడ నవ్వింది. లక్సెంబర్గ్‌లో 2020 నుంచి బస్సులూ రైళ్ళూ ట్రాములూ అందరికీ ఉచితం. బండి నది ఒడ్డునే వదిలి రాజధానికి బస్సులో వెళ్ళొచ్చాం. కొండ కొమ్ము మీద పాత కోట వెంట నడిచే దారి ఒక్కటే ఆ ప్రయాణానికి సరిపోతుంది. వచ్చేటప్పుడు డీజిల్ కూడా అక్కడే నింపించండి, జర్మనీ కంటే చౌక.

ట్రియర్‌కి రెండు రాత్రులు ఇవ్వాలి. క్రీ.శ. 170 ప్రాంతంలో రోమన్లు కట్టిన పోర్టా నీగ్రా ద్వారం ఇంకా ఊరి మధ్యలో నిలబడి ఉంది. కాన్‌స్టంటైన్ సింహాసనమందిరం లోపల స్తంభమే లేని 67 మీటర్ల హాలు. బయట ఉన్నది చూసి లోపలికి వెళ్ళకుండా వచ్చేయొద్దు. కార్ల్ మార్క్స్ 1818లో పుట్టిన ఇల్లు కూడా ఇక్కడే. కాలేజీ రోజుల్లో గోడల మీద నినాదాలు రాసిన మా బావమరిది అక్కడ ఎంతసేపు ఉన్నాడో చెప్పను, చెల్లెలు చదువుతుంది.

బెర్న్‌కాస్టెల్-క్యూస్ మార్కెట్ చౌక్ ఫోటోల్లో కనిపించేంత అందంగానే ఉంటుంది. 1416 నాటి ఒక ఇల్లు కింద సన్నగా పైన వెడల్పుగా, పడిపోతుందేమో అన్నట్టు నిలబడి ఉంది. కానీ పగలు పది దాటాక టూర్ బస్సుల జనం. చూసి వచ్చేయండి, రాత్రికి పక్క ఊళ్ళు మేలు. ఇక్కడి నుంచి చేయాల్సిన పని ఒకటుంది. సైకిళ్ళు మోసే ట్రైలర్ ఉన్న బస్సెక్కి డౌన్ (Daun) అనే ఊరికి వెళ్ళి, పాత రైలు పట్టాల దారి మీదుగా తిరిగి దిగడం. దాదాపు 58 కిలోమీటర్లు, ఎక్కువ భాగం పల్లమే. సొరంగాలు, లోయల మీద రాతి వంతెనలు, మొదట్లో అగ్నిపర్వతాల వల్ల ఏర్పడ్డ గుండ్రటి చెరువులు. సైకిల్ అలవాటు లేని మా ఆవిడ కూడా పూర్తిచేసింది. బస్సులో సైకిల్‌కి చోటు ముందే బుక్ చేసుకోవాలి, వారాంతాల్లో నిండిపోతుంది.

నది పక్క సైకిల్ దారి అంతకన్నా తేలిక, చదును. ఒక లోపం ఉంది. కొన్ని చోట్ల అది పెద్ద రోడ్డుని ఆనుకునే వెళ్తుంది, లారీల హోరు తప్పదు. అలాంటప్పుడు అవతలి ఒడ్డు చూసుకోవాలి. అలసిపోతే రైలెక్కేయొచ్చు. పొద్దున్న తొమ్మిది దాటాక లోకల్ రైళ్ళలో సైకిల్‌కి టికెట్ అడగరు.

బస చేయడానికి నాకు నచ్చినది ట్రాబెన్-ట్రార్‌బాఖ్. 1900 ప్రాంతంలో వైన్ వ్యాపారంతో బాగా సంపాదించిన ఊరు. ఆ డబ్బంతా ఇళ్ళ ముఖాల మీద కనబడుతుంది. జనం తక్కువ, రైలుంది, రెండు వైపులా సైకిల్ దారులున్నాయి. ఇక్కడి నుంచి కిందికి వెళ్తే బుల్లాయ్ దగ్గర 1878 నాటి రెండంతస్తుల వంతెన. మన రాజమండ్రి వంతెనలో రోడ్డు పైన, రైలు కింద. ఇక్కడ తిరగేసి రైలు పైన, రోడ్డు కింద.

ఆ తర్వాత బ్రెమ్ దగ్గర కాల్మాంట్ కొండ. యూరప్‌లోకెల్లా నిటారుగా ఉన్న ద్రాక్షతోట ఇదే అంటారు. కోతల కాలంలో చిన్న మోనోరైల్ బండ్ల మీద మనుషులు పైకి వెళ్తుంటారు. పైనుంచి నది గుర్రపు లాడంలా తిరగడం చూడ్డానికి మడమ గట్టిగా ఉన్న బూట్లు కావాలి. చెప్పులతో వద్దు.

కోఖెమ్‌లో కోట దూరం నుంచే బాగుంది. ఒడ్డంతా దుకాణాలు, పార్కింగ్ వెతుకులాట. ఒక్క పూట చాలు. అయితే అక్కడ రైలెక్కి ఎడిగర్-ఎల్లర్ దాకా వెళ్ళండి. నాలుగు కిలోమీటర్లకు పైగా సొరంగంలో నిమిషాల్లో దాటేస్తుంది. అదే దూరాన్ని నది చుట్టూ సైకిల్ మీద తిరిగి రావడానికి మాకు మధ్యాహ్నమంతా పట్టింది. ఆ మధ్యాహ్నం టూర్ మొత్తంలో నాకు బాగా నచ్చింది.

ఎల్ట్జ్ కోట మాత్రం వదలొద్దు. ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ఒకే కుటుంబం చేతిలో ఉంది, యుద్ధాల్లో ఎప్పుడూ కూలలేదు. పెద్ద బండ్లని వియర్‌షెమ్ వైపు పార్కింగ్‌లో పెట్టి, అడవిలో పావుగంట నడవాలి, లేదంటే షటిల్ బస్సు ఉంది. మోజెల్‌కెర్న్ స్టేషన్ నుంచి వాగు వెంట నడిస్తే గంటన్నర. మోకాళ్ళు సహకరిస్తే ఆ దారే మంచిది. లోపల గైడ్‌తోనే చూపిస్తారు, ఫోటోలు తీయనివ్వరు, నవంబరు మొదట్లో మూసేస్తారు.

వెళ్ళాల్సిన నెల సెప్టెంబరు, లేదా మే. శీతాకాలంలో నది పొంగితే ఒడ్డున ఉన్న పార్కింగ్‌లు మునుగుతాయి. 1993 డిసెంబరు వరద ఎంత ఎత్తు వచ్చిందో ఇళ్ళ గోడల మీద గీతలు గీసి ఉంచారు. సెప్టెంబరు చివర్లో అయితే ఇంకా పులుస్తున్న కొత్త వైన్, దాంతోపాటు ఉల్లిపాయ కేకు దొరుకుతాయి. శాకాహారులు ముందే అడగాలి, ఆ కేకులో పంది మాంసం ముక్కలు వేసే అలవాటుంది.