ఏటీవీకి ర్యాంప్: జత పట్టాలా, మూడు మడతలదా?

ఏటీవీ (ఎగుడుదిగుడు నేల మీద తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి) కొన్నవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే: దాన్ని పికప్ ట్రక్కులోకి ఎక్కించే ర్యాంప్ అల్యూమినియందా, స్టీలుదా? దానికి నా దగ్గర పొడుగు జవాబేమీ లేదు. లోహంగా చూస్తే అల్యూమినియం బరువు స్టీలులో మూడో వంతే. అంతే బలం రావడానికి కాస్త మందంగా చేస్తారు కాబట్టి ర్యాంప్‌లో తేడా అంత ఉండదు గానీ, ఒక్కరే ఎత్తి పెట్టుకోగలిగేంత ఉంటుంది. తుప్పు గొడవా లేదు. స్టీలు చవక. ఎప్పుడూ ఒకేచోట పడి ఉండే ర్యాంప్ అయితే అదే కొనుక్కోండి.

నేను పట్టుబట్టేది పొడవు దగ్గర. పికప్ వెనక తలుపు దించి, దాని అంచు నుంచి నేల దాకా టేపుతో కొలవండి. 36 అంగుళాలు వచ్చిందనుకుందాం. 6 అడుగుల ర్యాంప్ వేస్తే వాలు 30 డిగ్రీలు. 7 అడుగులదైతే 25 చిల్లర, 8 అడుగులదైతే 22. కాగితం మీద ఎనిమిది డిగ్రీలు ఏపాటిలే అనిపిస్తుంది. బండి మీద కూర్చుంటే తెలుస్తుంది.

నా మొదటి ర్యాంప్ 6 అడుగులదే. దాచుకోవడానికి తేలికని కొన్నాను. ముందు చక్రాలు తలుపు అంచుకి తగిలి బండి ఆగినట్టయింది. కొంచెం థ్రాటిల్ ఇచ్చాను. అంతే, చేతుల్లో హ్యాండిల్ దూదిలా అయిపోయింది, ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. గబుక్కున ముందుకు వాలి థ్రాటిల్ వదిలాను కాబట్టి మళ్లీ కిందికి దిగాయి. వాలు పెరిగేకొద్దీ బరువు వెనక చక్రాల మీదికి పోతుంది. థ్రాటిల్ ఇచ్చినప్పుడు ఇంకొంచెం పోతుంది. వెనక క్యారియర్ మీద సామాను కూడా ఉంటే చెప్పక్కర్లేదు. సామాను దించి ఎక్కించడం అప్పటి నుంచే నేర్చుకున్నాను.

పొడవు తేలాక రకం సంగతి. జత పట్టాలంటే ఒక్కో వైపు చక్రాల కింద ఒక్కోటి, విడివిడిగా వేసే రెండు పలకలు. ఇవి తేలిక, బండి వెడల్పు ఎంతున్నా దానికి తగ్గట్టు జరుపుకోవచ్చు. ఏటీవీ, యూటీవీ (పక్కపక్కన సీట్లు, స్టీరింగ్ ఉండే ఇంకాస్త పెద్ద బండి) రెండూ ఉన్నవాళ్లకి ఇవే సరి. కానీ మధ్యలో ఖాళీ. బండి తన్నినప్పుడు కాలు దించుదామంటే కింద ఏమీ ఉండదు. ఇంకో మెలిక, ఇంత బరువు మోస్తుందని పెట్టె మీద రాసే 680 కిలోలు సాధారణంగా జత మొత్తానికి, ఒక్కో పట్టాకి కాదు. బండి 350, మీరు 80, పైన ట్యాంకులో పెట్రోలూ పనిముట్లూ కలుపుకుని లెక్కేసుకోండి.

మూడు మడతలది విప్పితే ఇంచుమించు 50 అంగుళాల వెడల్పు పరుచుకుంటుంది. మామూలు ఏటీవీ 46-48 అంగుళాలు కాబట్టి సరిపోతుంది. కాలు పెట్టడానికి చోటుంటుంది, కావాలంటే దాని మీద నడిచి ఎక్కొచ్చు. నేను వాడేది ఇదే, 8 అడుగులది. లోపం లేకపోలేదు: వెడల్పే మడుస్తుంది, పొడవు మడవదు. బండి ఎక్కించాక దీన్ని ఎక్కడ పెట్టాలా అని కొన్నాళ్లు తిప్పలు పడ్డాను. ఇప్పుడు మడిచి, ఏటీవీ చక్రాల మధ్య నుంచి కిందికి తోసి కట్టేస్తున్నాను.

వంపు ర్యాంప్ పొట్ట నేలకి దగ్గరగా ఉండే గడ్డి కోసే బండ్లకి మంచిది. పైన అంచు దగ్గర పొట్ట రాసుకోదు. ఏటీవీకి ఆ ఇబ్బంది తక్కువ, పైగా వంపు వల్ల మొదట్లో వాలు ఇంకా నిటారు. నడపకుండా విన్చ్‌తో (తాడు చుట్టుకుంటూ లాగే మోటారు) లాగించేవాళ్లున్నారు, మెల్లగా అయినా పని జరుగుతుంది.

ఏది కొన్నా, ర్యాంప్‌ని పికప్‌కి బిగించే స్ట్రాప్‌లు రెండు వైపులా కట్టాల్సిందే. ముందు చక్రాలు పైకి చేరాక వెనక చక్రాలు ర్యాంప్‌ని వెనక్కి తంతాయి. కట్టకపోతే అది అంచు మీంచి జారుతుంది, బండి సగం పైన సగం కింద. స్ట్రాప్ కొక్కెం తగిలించేది పికప్ హిచ్‌కో (వెనక ట్రైలర్ తగిలించే చోటు) చాసిస్‌కో (కింది ఇనుప చట్రం), తలుపుకి కాదు. ఎక్కించేటప్పుడు అందరూ కడతారు, మరిచిపోయేది దించేటప్పుడే. వెనక్కి వస్తూ గట్టిగా బ్రేక్ పట్టినా ర్యాంప్ మీద అదే తోపు పడుతుంది.

ఇప్పటికే 6 అడుగులది కొనేసినవాళ్లు దాన్ని పారేయక్కర్లేదు. పికప్ వెనక చక్రాలు కాస్త పల్లంలో, ర్యాంప్ కింది కొస గట్టు మీద ఉండేలా నిలపండి. 36 అంగుళాల ఎత్తు 28కి దిగితే వాలు 23 డిగ్రీలు, అంటే దాదాపు నా 8 అడుగుల దానితో సమానం.