‘90 రోజుల్లో 12 కిలోలు, లేదంటే డబ్బు వాపసు’: సంతకం చేసే ముందు ఆ ఫారం వెనక్కి తిప్పి చూడండి

బరువు తగ్గాలన్న పట్టుదలతో జిమ్‌లోనో, ‘వెయిట్ లాస్ ఛాలెంజ్’ పేరిట నడిచే కేంద్రంలోనో ఏడాదికి సరిపడా డబ్బు ఒకేసారి కట్టబోతున్నవారు ఇది ఓపికగా చదవాలని కోరుతున్నాను. 2025 జనవరిలో హైదరాబాద్‌లో నేను 64,000 రూపాయల ప్యాకేజీ తీసుకున్నాను. అందులో ఇప్పటివరకు వెనక్కి రాబట్టుకోగలిగింది 18,000 మాత్రమే. నా ఫిర్యాదు ఇంకా తేలలేదు కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. ఆ పేరు తెలిసినా పెద్దగా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే వేరే పేటల్లో వేరే పేర్లతో ఇదే ఫారం మీద సంతకాలు చేసినవారు నా పరిచయస్తుల్లోనే మరో ఇద్దరు ఉన్నారు.

నా వయసు 42, ఎత్తు 158 సెంటీమీటర్లు, అప్పటి బరువు 78 కిలోలకు అటూఇటుగా ఉండేది. డిసెంబరులో ఆఫీసువారు చేయించిన పరీక్షల్లో, గత రెండు మూడు నెలల రక్తంలోని సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే అది మధుమేహానికి ముందు దశ. మందుల సంగతి తర్వాత చూద్దాం, ముందు బరువు తగ్గమన్నారు డాక్టరుగారు. అలాంటి మాట విన్న తర్వాత పది పదిహేను రోజులపాటు మనిషిలో ఉండే ఊపే వేరు. అలారం మోగకముందే మెలకువ వస్తుంది, పళ్లెంలో అన్నం తనంతట తానే సగమవుతుంది, ఇంట్లో స్వీట్ల డబ్బా పక్కింటికి చేరుతుంది. దీన్నే మన పెద్దలు ఆరంభ శూరత్వం అన్నారు. ఆ పదిహేను రోజుల్లోనే సంక్రాంతి ఆఫర్ బోర్డు నా కంట పడింది, ఆ బోర్డు కట్టేదే నాలాంటివారి కోసమని నాకు అప్పుడు తట్టలేదు.

కౌన్సెలర్ అని చెప్పుకున్న అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. మూడు నెలలకు ఎంత అని నేను అడిగితే, “మేడమ్, నెలనెలా కట్టేవాళ్లు రెండో నెలకే మానేస్తారు. ఏడాదికి కట్టేశారనుకోండి, డబ్బు పోతుందన్న భయంతోనైనా వస్తారు. అసలు మోటివేషన్ అంటే అదే” అన్నది. ఆ మాట నాకు సబబుగానే తోచింది. అది నిజం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్‌మెండియర్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు హెల్త్ క్లబ్బుల్లోని 7,752 మంది సభ్యుల హాజరును లెక్కగట్టి 2006లో ఫలితాలు ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టే ఒప్పందం చేసుకున్నవారు సగటున నెలకు 4.3 సార్లు మాత్రమే వెళ్లారు. అంటే ఒక్కో రోజుకు వారికి 17 డాలర్లకు పైగా పడింది, అవే క్లబ్బుల్లో పది రోజుల పాస్ కొనుక్కుంటే రోజుకు 10 డాలర్లతో సరిపోయేది. ముందుగా కట్టిన డబ్బు కాళ్లను నడిపించదన్నమాట. నేను కౌంటరు దగ్గర కొన్నది ఆ రోజు నాకున్న ఉత్సాహం ఏడాది పొడవునా అలాగే ఉంటుందన్న ఊహను.

ఇక తూకం సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. నన్ను మొదటిసారి తూచింది జనవరి 11, శనివారం సాయంత్రం 7 గంటలకు. ఆ మధ్యాహ్నం బంధువుల ఇంట్లో విస్తరి భోజనం చేసి వచ్చాను. లోపలికి అడుగుపెట్టగానే లీటరు నీళ్ల సీసా చేతికిచ్చి, ఒంట్లో నీరుంటేనే రీడింగ్ సరిగ్గా వస్తుందని చెప్పి మొత్తం తాగించారు. చెప్పులు విప్పమన్నారు గానీ, జీన్స్ జేబుల్లోని ఫోను, తాళాల గుత్తి తీయమని ఎవరూ అనలేదు. యంత్రం 78.9 చూపించింది. రెండోసారి తూచింది జనవరి 25 ఉదయం 6 గంటలకు. పరగడుపున రావాలని, పలచని బట్టలు వేసుకోవాలని, మంచినీళ్లు కూడా తాగవద్దని ముందురోజే మెసేజ్ పెట్టారు. ఈసారి 75.2. పద్నాలుగు రోజుల్లో 3.7 కిలోలు! గోడకు వేలాడదీసిన ఇత్తడి గంటను నాచేతే కొట్టించారు, ట్రెడ్‌మిల్ మీదున్నవారు కూడా దిగివచ్చి చప్పట్లు కొట్టారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయని దాచకుండా చెబుతున్నాను.

మా ఇంట్లో మంచం కింద దుమ్ము పట్టి ఉన్న తూకం యంత్రం మీద మాత్రం జనవరి 12 ఉదయం 77.4, జనవరి 25 ఉదయం 75.6 వచ్చాయి. అంటే తగ్గింది 1.8 కిలోలు, అందులోనూ కొంత నీరే. శరీరంలో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే ప్రతి గ్రాము పిండిపదార్థాన్నీ అంటిపెట్టుకుని సుమారు 3 గ్రాముల నీరు ఉంటుంది. అన్నం తగ్గించిన మొదటి వారాల్లో ఆ నిల్వ కరిగి నీరు కూడా పోతుంది కాబట్టి ముల్లు చకచకా దిగుతుంది. ఇక కొవ్వు శాతం, కండ శాతం, ‘బాడీ ఏజ్’ అని చీటీ ముద్రించి ఇచ్చే యంత్రం ఒంట్లోకి స్వల్పంగా విద్యుత్తు పంపి, దానికి ఎదురయ్యే నిరోధాన్ని బట్టి అంచనా కడుతుందంతే. నీళ్లు తాగినా, తిన్నా, వ్యాయామం చేసినా ఆ అంకెలు మారతాయి. ఒకే వేళకు, ఒకే స్థితిలో తూచని రెండు చీటీలను పక్కపక్కన పెట్టి చూపిస్తే నమ్మకండి.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారానికి అర కిలో తగ్గడం క్షేమమని చెబుతుంది. ఆ లెక్కన 90 రోజులకు ఆరున్నర కిలోలు. 12 కిలోలన్న హామీ దానికి దాదాపు రెట్టింపు. ఆ అంకె వేసినవారికి ఈ సంగతి తెలియదని నేను అనుకోను. చాలామంది చేరలేని గమ్యం పెట్టి, చేరకపోతే డబ్బు వాపసు అన్నారంటే, ఆ వాపసు ఇవ్వకుండా తప్పించుకునే దారి ఇంకెక్కడో ఉండాలి. అది ఫారం వెనుక పేజీలో ఉన్నది.

ఆ పేజీలోని షరతులు కొండవీటి చాంతాడంత ఉన్నాయి. నేను సంతకం చేసిన రోజు ఫారం క్లిప్‌బోర్డుకు బిగించి ఉంది, రెండో వైపు చూడాలన్న ఆలోచనే రాలేదు. 36 పర్సనల్ ట్రైనింగ్ సెషన్లలో 80 శాతానికి తప్పనిసరిగా హాజరు కావాలి. రోజూ మూడు పూటలా భోజనం ఫొటో తీసి పంపాలి. వారు అమ్మే షేక్ పొడిని ప్రతి నెలా కొనాలి. బరువు వారి యంత్రం మీదే, వారు చెప్పిన వేళకే చూసుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా హామీ రద్దు. 90 రోజులు అంటే 270 ఫొటోలు. ఆఫీసులో పని ఒత్తిడి ఎక్కువగా ఉన్న ఒక్క మధ్యాహ్నం మరిచిపోతే 64,000 రూపాయల మీద హక్కు పోతుందని ఏ కౌన్సెలరూ నోరు తెరిచి చెప్పలేదు.

ఆ పొడి డబ్బా ఒక్కోటి 4,800. నేను రెండు కొన్నాను. ఆ డబ్బు సంస్థ ఖాతాకు కాకుండా ఒక వ్యక్తి యూపీఐ నంబరుకు వేయించుకున్నారు, బిల్లు ఇవ్వలేదు. రెండో డబ్బాను తడి చేత్తో పట్టుకుంటే పైనున్న స్టిక్కరు ఊడి వచ్చింది. దాని కింద ఏమీ లేదు, తెల్లటి డబ్బా. బ్యాచ్ నంబరు లేదు, తయారీ తేదీ లేదు, ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు లేదు. ప్యాక్ చేసి అమ్మే తినుబండారం మీద ఆ నంబరు ఉండి తీరాలి. ఎక్కడో సంచుల్లో కొన్నదాన్ని డబ్బాల్లో నింపి అమ్ముతున్నారని నా అనుమానం. రెండో డబ్బా సగం పారబోశాను, ఆధారంగా డబ్బాను మాత్రం ఉంచాను.

అయిదో వారంలో నా ట్రైనరు ఉద్యోగం మానేశాడు. మంచి కుర్రాడు. మోకాలికి నొప్పి రాకుండా గుంజీలు ఎలా తీయాలో, బరువు ఎత్తేటప్పుడు నడుము ఎక్కడ నిలపాలో ఓపికగా నేర్పాడు. నేర్చుకున్నది ఏమైనా ఉంటే అతని దగ్గరే. అతని స్థానంలో వచ్చినవాళ్లు వారానికొకరు మారారు, నాలుగు రోజులైతే ఎవరూ రానేలేదు. ఆ నాలుగు రోజులూ రిజిస్టరులో నా గైర్హాజరుగా పడ్డాయి. అదే సమయంలో బరువు 74 దగ్గర ఆగిపోయింది. అది మామూలే, శరీరం తేలికైన కొద్దీ దానికి కావలసిన శక్తి కూడా తగ్గుతుంది. కానీ గంటకూ చప్పట్లకూ అలవాటుపడిన నాకు ఆ మూడు వారాలు నరకంలా గడిచాయి, లోపం నాలోనే ఉందనిపించింది. అప్పుడు మళ్లీ ఆ కౌన్సెలరే వచ్చి, ఆగిపోయిన బరువును మళ్లీ కదిలించడానికి 15,000 రూపాయలకు ‘ప్లాటో బ్రేకర్’ ప్యాకేజీ ఉందన్నది. మొదట ఊపును పెంచి డబ్బు తీసుకున్నారు, ఇప్పుడు నీరసాన్ని చూపించి మళ్లీ తీసుకోబోయారు. నాకు కళ్లు తెరుచుకున్నది ఆ రోజే. మార్చి మధ్యలో మానేశాను. మధ్యలో వారం రోజులు అమ్మకు ఒంట్లో బాగోలేక నేను వెళ్లని మాట కూడా నిజమే, దాన్ని నేను లెక్కలో కలపడం లేదు.

మానేస్తే సరిపోతుందనుకున్నాను, వాయిదాలు మానలేదు. చేరిన రోజు ‘నో కాస్ట్ ఈఎమ్ఐ’ అంటూ నా ఫోను తీసుకుని, ఒక యాప్ వేసి, రెండు ఓటీపీలు చెప్పించుకున్నారు. ఆ అయిదు నిమిషాల్లో జరిగింది ఏమిటంటే, ఒక ఫైనాన్స్ కంపెనీ నా పేరిట 64,000 అప్పు మంజూరు చేసి మొత్తం జిమ్‌కు కట్టేసింది, నా బ్యాంకు ఖాతా నుంచి నెలకు 5,334 చొప్పున 12 నెలలు కోసుకోవడానికి అనుమతి రాయించుకుంది. పైన ప్రాసెసింగ్ ఫీజు 1,180. నగదుగా కట్టినవారికి అదే ప్యాకేజీ 58,000కే ఇచ్చారని తర్వాత తెలిసింది, కనుక వడ్డీ ధరలోనే కలిసి ఉంది. జిమ్ మూతబడినా, మనం మానేసినా అప్పు అప్పే. కోపంతో వాయిదాలు ఆపితే పాడయ్యేది మన క్రెడిట్ స్కోరు. రిజర్వ్ బ్యాంకు డిజిటల్ రుణాల నిబంధనల ప్రకారం, అప్పు ఇచ్చేముందు వివరాలన్నీ ఉన్న కీలక వాస్తవాల పత్రం ఇవ్వాలి, తీసుకున్నాక మనసు మారితే అసలు, అప్పటివరకైన ఖర్చు కట్టి జరిమానా లేకుండా బయటపడే గడువు కూడా ఉండాలి. నా ఈమెయిలుకు ఆ పత్రం వచ్చే ఉంది, నేను తెరిచి చూసింది మార్చిలో. చూసేసరికి గడువు ఎప్పుడో దాటింది.

డబ్బు అడిగితే మొదట మేనేజరు ఊళ్లో లేరన్నారు, తర్వాత ‘నాన్ రిఫండబుల్’ అన్న రసీదు ముద్ర చూపించారు. ఆ ముద్ర ఉన్నంతమాత్రాన చట్టం మూగబోదు. లోపభూయిష్టమైన సేవను నిలిపివేసి, రసీదులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ తర్వాత, జరగని సెషన్ల కింద 18,000 ఇస్తామని జిమ్‌వారే ఫోన్ చేశారు. తీసుకున్నాను, కానీ ఇక ఏ బాకీ లేదని రాసి ఉన్న కాగితం మీద మాత్రం సంతకం చేయలేదు. అలా చేయవద్దని చెప్పింది మా అపార్ట్‌మెంటులోని ఒక రిటైర్డ్ వకీలుగారు, ఆయన సలహా మీకూ పనికొస్తుంది.

ఈ సంక్రాంతికి మళ్లీ అవే బోర్డులు వెలిశాయి. చేరదలచుకుంటే ఒక్క నెలకే కట్టండి, ఖరీదు ఎక్కువైనా సరే. మీరు వెళ్లాలనుకున్న వేళకే ఒకరోజు ముందుగా వెళ్లి, యంత్రాల దగ్గర ఎంత రద్దీ ఉందో చూడండి. మధ్యాహ్నం చూపించే ఖాళీ హాలు చూసి మోసపోకండి. ఫారాన్ని ఇంటికి తీసుకెళ్లి చదువుతామనండి, ఇవ్వకపోతే అక్కడితో ఆపేయండి. జిమ్‌కు ఎంత, ట్రైనరుకు ఎంత అన్నది బిల్లులో విడిగా రాయించండి. నా బిల్లులో అలా లేకపోవడం వల్లే జరగని సెషన్ల విలువ ఎంతో తేల్చలేక తంటాలు పడ్డాను. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్‌ల మీద జీఎస్‌టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, పాత పన్నే వేస్తున్నారేమో అది కూడా చూసుకోండి. మీ ఫోను మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

నా విషయానికి వస్తే, ఏప్రిల్ నుంచి మా కాలనీ పార్కులో నడుస్తున్నాను. మూడో అంతస్తు పిన్నిగారు 5:45కు తలుపు కొడతారు. ఆవిడకు 63 ఏళ్లు, ఆవిడను వాకిట్లో నిలబెట్టి నేను పడుకోలేను. వారానికి రెండు రోజులు ఆ కుర్రాడు నేర్పినవి ఇంట్లోనే చేసుకుంటున్నాను. బరువు 71.5, నడుము కొలత 97 నుంచి 91 సెంటీమీటర్లకు వచ్చింది, హెచ్‌బీఏ1సీ 5.8. చివరి వాయిదా కిందటి నెలలో పోయింది. మిగిలిన డబ్బు కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను. 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు, రెండేళ్ల గడువులో ఇంకా ఏడాదికి పైగా ఉంది, ‘ఈ-జాగృతి’ పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు. ఫారం రెండు వైపుల నకలు, రెండు తూకం చీటీలు, పరగడుపున రమ్మన్న మెసేజ్, యూపీఐ చెల్లింపుల వివరాలు, స్టిక్కరు ఊడిన డబ్బా ఒక సంచిలో సిద్ధంగా పెట్టాను. మీరూ ఇలాంటి చోట చేరి ఉంటే, ఈరోజే వెళ్లి మీ ఫారం వెనుక పేజీని ఫొటో తీసుకోండి. నేను రెండోసారి అడిగినప్పుడు, అది ఫైల్లో కనిపించడం లేదన్నారు.