కాలువ దాటేది ఎవరు: పందికొక్కా, చిట్టెలుకా?

మిర్యాలగూడ వైపు "సాగర్ ఎడమ కాలువ నిండుగా పారుతోంది కదా, అవతలి ఎలుకలు ఇటు రావులే" అనే మాట చాలా వింటాను, కానీ ఏ ఎలుక అని ముందు అడగాలి.

పందికొక్కుకు నీళ్లంటే భయం లేదు. మునుగుతుంది, ఈదుతుంది, నీళ్లు నిలిచిన మడి దాటి ఒక గట్టు మీంచి ఇంకో గట్టుకు పోయి వరి వెన్నులు కొరికి బొరియలో దాచుకుంటుంది. దాని దూరపు చుట్టం, ఓడలెక్కి ప్రపంచమంతా పాకిన గోధుమరంగు ఎలుక, న్యూజిలాండ్‌లో 400 మీటర్ల సముద్రం ఈది పక్క దీవికి చేరింది. ఇక మన కాలువ ఎంత! అందుకే పందికొక్కుల విషయంలో నీళ్లను నమ్మొద్దు, రెండు వైపుల రైతులూ మాట్లాడుకుని ఒకే వారంలో ఎర పెట్టాలి.

చిట్టెలుకా ఈదగలదు. కాకపోతే 10 గ్రాములకు అటూ ఇటూ ఉండే ఒళ్లు, బొచ్చు తడిస్తే ఒంట్లో వేడి గబగబా పోతుంది, తొందరగా అలసిపోతుంది, ఉరవడికి కొట్టుకుపోతుంది. దానికి పెద్ద కాలువ నిజంగానే అడ్డు, దగ్గర్లో వంతెన లేకపోతే. ఎండాకాలం నీళ్లు ఆపేశాక మాత్రం అది ఎండిన కాలువలోంచే నడిచి వస్తుంది.