దేశద్రోహమా, ఆంక్షల ఉల్లంఘనా: శత్రుదేశానికి సాయపడితే ఏ చట్టం మేలు?

మిర్యాలగూడ దగ్గరి ఊరాయన ఒకరు మొన్న నల్లగొండ కోర్టుకు వచ్చి నన్ను వెతికి పట్టుకున్నాడు. కోతల కాలం, పంచె అంచుకు పొలం మట్టి ఇంకా అంటుకునే ఉంది. కొడుకు డల్లాస్‌లో చదువుతున్నాడు. ఇరాన్‌లో ఉండే ఒకాయన సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టు, పైసలిస్తా అన్నాడట. "సార్, గది చేస్తే దేశద్రోహం కింద ఏస్తరా? ఉరి తీస్తరా?" అని అడుగుతుంటే ఆయన చేతిలో ఫోన్ వణుకుతున్నది.

దేశద్రోహం కాదు, అయినా చెయ్యొద్దని చెప్పమన్నాను.

అమెరికాలో దేశద్రోహానికి హద్దు రాజ్యాంగమే గీసింది. ఆ దేశం మీద యుద్ధం చేయడం, లేదా శత్రువుల పక్షాన చేరి వాళ్లకు సాయం, ఆసరా ఇవ్వడం. ఈ రెండు తప్ప మూడోది లేదు. అదీ ఒకే బహిరంగ చర్యకు ఇద్దరు సాక్షులు ఉండాలి, లేదంటే నిందితుడు కోర్టులో తానే ఒప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ పంపిన విధ్వంసకులతో ఆంథొనీ క్రేమర్ న్యూయార్క్‌లో కూర్చొని తాగాడు, మాట్లాడాడు. కింది కోర్టు శిక్ష వేసింది. కలిసి కూర్చున్నంత మాత్రాన సాయం చేసినట్టు కాదని 1945లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. అదే విధ్వంసకుల్లో ఒకడి తండ్రి హాప్ట్. కొడుక్కి ఇంట్లో చోటిచ్చాడు, కారు కొనడానికి, ఉద్యోగం దొరకడానికి తోడ్పడ్డాడు. ఆయన శిక్షను 1947లో అదే కోర్టు నిలబెట్టింది. ఈ కేసు ఎప్పుడు చదివినా నాకు మనసు బరువెక్కుతుంది.

ఈ దేశద్రోహం లెక్కలో శత్రువు అంటే అమెరికాతో యుద్ధంలో ఉన్నవాడే. సోవియట్‌కు అణు రహస్యాలు చేరవేశారని రోజెన్‌బర్గ్ దంపతులకు అమెరికా 1953లో మరణశిక్ష అమలు చేసినా, వాళ్ల మీద పెట్టింది గూఢచర్యం కుట్ర కేసు, దేశద్రోహం కాదు.

ఆంక్షల దారి పూర్తిగా వేరు. 1977 నాటి అంతర్జాతీయ అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం కింద అధ్యక్షుడు అత్యవసర పరిస్థితి ప్రకటించి ఫలానా దేశంతో లావాదేవీలు ఆపేయగలడు. యుద్ధం అక్కర్లేదు, ఇద్దరు సాక్షులూ అక్కర్లేదు. ఒక ఈమెయిల్, ఒక బ్యాంకు ఎంట్రీ చాలు. తెలిసి చేస్తే 20 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల డాలర్ల వరకు జరిమానా. తెలియక చేసినా సివిల్ జరిమానా తప్పదు. ఇరాన్ ఆంక్షలైతే పౌరులకే కాదు, అమెరికా గడ్డ మీద ఉన్న ఎవరికైనా వర్తిస్తాయి, మన పిల్లలతో సహా. వర్జిల్ గ్రిఫిత్ అనే అమెరికన్ 2019లో ఆంక్షలున్న ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ వెళ్లి క్రిప్టో కరెన్సీ గురించి ప్రసంగించాడు. 2022లో 63 నెలల జైలు పడింది.

మరి ఏది మేలు? తప్పుకు తగ్గ శిక్ష అనే లెక్కలో ఆంక్షల చట్టమే మేలంటాను. డబ్బు తప్పుకు ఉరితాడు చూపించదు. కానీ ఏ దేశం మీద ఆంక్షలో జాబితా రాసే కలం అధ్యక్షుడొక్కరి చేతిలో ఉండటం నన్ను భయపెడుతుంది. నిన్న సక్రమమైన బేరం రేపు నేరమవుతుంది. పుస్తకాలు, సినిమాల వంటి సమాచార సామగ్రిని 1988లో అక్కడి కాంగ్రెసు, అంటే పార్లమెంటు, ఆంక్షల నుంచి మినహాయించింది. అలాంటి కంచెలు ఇంకా కావాలి. పౌరుడి ప్రాణానికి కాపలా విషయంలో మాత్రం ఇద్దరు సాక్షుల నియమానికి సాటి వచ్చేది లేదు.

మన దగ్గర చాయ్ హోటల్లో దేశద్రోహి అనే మాట ఊరికే దొర్లుతుంది గానీ, భారతీయ న్యాయ సంహితలో ఆ పేరుతో సెక్షనే లేదు. యుద్ధం చేస్తే 147, మరణశిక్ష లేదా యావజ్జీవం. సార్వభౌమత్వానికి ముప్పు అంటే 152. ఈ 152 మాటలు మరీ వెడల్పు, మాట్లాడినా రాసినా అందులో పడొచ్చు. అమెరికా రాజ్యాంగంలోని ఆ ఇరుకుదనం ఇక్కడికీ రావాలని గట్టిగా కోరుకుంటాను.

ఆ తండ్రి నా ముందే కొడుక్కి ఫోన్ చేశాడు. చదువు వీసా మీద బయటి పని పట్టుకోవడమే ఇంకో తప్పని, ఆ మెసేజ్ చెరిపేయకుండా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు చూపించమని చెప్పాను. "సరే అంకుల్, ఇంకా ఒప్పుకోలే" అన్నాడు పిల్లగాడు.