ఆర్ల్: రోన్ నది రెండు పాయలయ్యే చోట మూడు రోజులు

ఫ్రాన్స్‌లోని మార్సేలో చదువుకుంటున్న మా అమ్మాయిని చూడ్డానికి అక్టోబరులో వెళ్లాం. రెండో రోజు ఫోన్లో మ్యాప్ తీసి, "నాన్నా, ఇది చూడు, మన ధవళేశ్వరం దిగువన ఉన్నట్టే లేదూ?" అంది. ఆర్ల్ అనే ఊరికి కాస్త ఎగువన రోన్ నది రెండుగా చీలుతోంది. పెద్ద పాయ ఊరిని ఒరుసుకుంటూ దిగుతుంది, చిన్న పాయ పడమటికి తిరుగుతుంది. వాటి నడుమ కమార్గ్ డెల్టా. గౌతమికీ వసిష్ఠకీ మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, అది చూశాక ఆగలేకపోయాను. మర్నాడే ముగ్గురం రైలెక్కాం. దాదాపు గంట ప్రయాణం.

స్టేషన్ దిగి ఏటి వైపు నడిస్తే రెండు రాతి సింహాలు కనబడతాయి. ఒకప్పుడు అక్కడ రైలు వంతెన ఉండేది. 1944 బాంబు దాడుల్లో అది పోయి, సింహాలు గట్టు మీద మిగిలాయి. ఆ దగ్గర్లోనే చిత్రకారుడు వాన్ గో అద్దెకున్న పసుపు ఇల్లు కూడా ఆ ఏడాది బాంబులకే దెబ్బతింది. తర్వాత దాన్ని కూల్చేశారు.

గట్టెక్కి నదిని చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. స్విట్జర్లాండ్ ఆల్ప్స్‌లో పుట్టి, జెనీవా సరస్సులోంచి, లియోన్ మీదుగా 750 కిలోమీటర్ల పైచిలుకు వచ్చిన నీరు. మంచి వడి మీద ఉంది. చిత్రమేమిటంటే ఊళ్లో సందుల్లో తిరిగేటప్పుడు నది అసలు కనబడదు, మధ్యలో ఎత్తైన రాతి గోడ. గోడ ఎందుకో అడగక్కర్లేదు, ఏటి ఒడ్డున పెరిగినవాళ్లకి తెలుసు. 2003 డిసెంబరు వరదలో ఊరికి ఉత్తరాన ఉన్న పేటలు మునిగాయి.

ఊళ్లో ఒక్కటే చూసే వీలుంటే ఏది చూడాలని అడిగితే నేను రోమన్ అరీనా (ఆ కాలపు రాతి స్టేడియం) పేరు చెప్పను. ఊరి చివర, కేంద్రం నుంచి ఇరవై నిమిషాల నడకలో ఉన్న నీలం గోడల పురావస్తు మ్యూజియం చెబుతాను. మంగళవారం సెలవు, చూసుకుని వెళ్లండి. అక్కడ ఒక పడవ ఉంది. మొదటి శతాబ్దం నాటిది, 31 మీటర్ల పొడవు, అడుగు చదునుగా ఉండే సరుకు పడవ. 2004లో రోన్ అడుగున బురదలో దొరికింది. 2011లో ముక్కలుగా కోసి పైకి తీసి, మళ్లీ అతికించి నిలబెట్టారు. రాళ్ల సరుకుతో సహా మునిగింది కాబట్టి ఆ రాళ్లతోనే పెట్టారు.

పడవ చుట్టూ రెండుసార్లు తిరిగాను. దాని స్తంభం పొట్టిది, తెరచాప కోసం కాదు, మోకు కట్టడానికి. దిగువకి ప్రవాహం తీసుకెళ్తుంది. ఎగువకి రావాలంటే గట్టు మీద మనుషులు ఆ మోకు భుజాన వేసుకుని లాగాల్సిందే. వెనక భాగంలో, పెద్ద మట్టి జాడీ ముక్కని పొయ్యిగా చేసుకున్నారు. పడవవాళ్లు వంట చేసుకున్న చోటు అది. మా తాతగారు ధాన్యం పడవల మీద వంట సంగతులు చెప్పేవారు. ఆ పొయ్యి ముందు ఆయనే గుర్తొచ్చారు. మా ఆవిడ "ఇక పదండి" అని పిలిచేదాకా కదల్లేదు.

ఈ ఊరి చరిత్రంతా పడవలదే. సముద్రం మీద వచ్చిన సరుకు ఇక్కడ నది పడవల్లోకి మారేది. క్రీ.పూ. 49లో మార్సేని ముట్టడించడానికి రోమన్ సేనాని సీజర్‌కి ఓడలు కావలసి వస్తే ఆర్ల్ వడ్రంగులు పన్నెండు యుద్ధనౌకలు ముప్పై రోజుల్లో కట్టిచ్చారు. మూడేళ్ల తర్వాత ఆయన తన సైనికులకి ఇక్కడ భూములిచ్చి రోమన్ కాలనీ చేశాడు. మార్సే వ్యాపారం పడిపోయింది, ఆర్ల్ లేచింది. 19వ శతాబ్దంలో రైలు వచ్చాక ఆ పడవల బతుకు ముగిసింది. రైలు వర్క్‌షాపులు కొంతకాలం ఊరిని పోషించాయి, 1984లో అవీ మూతబడ్డాయి. ఆ స్థలంలోనే ఫ్రాంక్ గెరీ డిజైన్ చేసిన లూమా టవర్ అనే కళాకేంద్రం 2021లో తెరిచారు. పదకొండు వేల స్టీలు పలకలతో ఎండలో మెరుస్తుంది. నాకు దాని ఆకారం కన్నా పైనుంచి కనబడే దృశ్యం నచ్చింది. డెల్టా ఎంత చదునో అక్కడే తెలుస్తుంది.

అరీనా తీసిపారేసేది కాదు. రోమన్ల కాలంలో ఇరవై వేల మంది కూర్చునే కట్టడం. మధ్యయుగాల్లో జనం దాని లోపలే రెండు వందలకు పైగా ఇళ్లు కట్టుకుని, దాన్నే కోటగా చేసుకుని బతికారట. ఆ ఇళ్లన్నీ 19వ శతాబ్దంలో తీసేశారు, మూడు బురుజులు మిగిలాయి. బురుజెక్కండి, ఎర్ర పెంకుల కప్పుల వెనక నది వంపు కనిపిస్తుంది. రెండు మూడు కట్టడాలు చూసేవాళ్లు విడివిడి టికెట్లు కొనకుండా పాస్ తీసుకోవడం మేలు.

బస విషయంలో మేం పొరపాటు చేశాం. పాత ఊళ్లో వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకున్నాం. ఫొటోల్లో ముచ్చటగా ఉంది. తీరా వెళ్తే మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, మెలికలు తిరిగే రాతి మెట్లు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ రోజుకి ఒక్కసారే దిగింది. చోటు మాత్రం బాగుంది, అన్నీ నడిచి చూడొచ్చు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఏ అంతస్తో, లిఫ్ట్ ఉందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి. ఉత్తరం నుంచి కొట్టే మిస్త్రాల్ గాలి మా రెండో రోజంతా వీచింది. అక్టోబరు ఎండని నమ్మి పల్చటి బట్టలతో వెళ్లకండి.

కమార్గ్‌కి జీపు టూరు తీసుకున్నాం. మూడు గంటలన్నారు, అందులో గంటకు పైగా దుకాణాల దగ్గరే ఆపారు. ఫ్లెమింగోలు చుక్కల్లా ఎక్కడో దూరంగా కనబడ్డాయి. మర్నాడు మామూలు బస్సెక్కి పాం ద గో పక్షుల పార్కులో దిగాం. పక్షులు పదడుగుల దూరంలో, బురదలో ముక్కు తిరగేసి మేస్తున్నాయి. జీపు ఖర్చులో కొద్దిపాటితో అంతకన్నా ఎక్కువ చూశాం.

దారి పొడవునా వరి చేలు, కొన్ని కోసేశారు, కొన్ని కోతకొచ్చాయి. ఇది చౌడు నేల. రోన్ నీళ్లు మళ్లించి చేలో నిలబెడితే ఉప్పు కిందికి దిగుతుంది, అప్పుడే తర్వాతి పంట పండుతుంది. అందుకే ఇక్కడ వరి వేస్తారు. ఈ మాట మా అమ్మాయికి చెబుతుంటే "సముద్రం పక్క మన చేలల్లోనూ అంతే కదా" అంది. ఇండోచైనా (ఇప్పటి వియత్నాం ప్రాంతం) నుంచి ఫ్రాన్స్‌కి తెచ్చిన కూలీలు 1940ల్లో ఈ సాగు పెరగడానికి చెమటోడ్చారు. వాళ్ల గురించి ఇంకా పెద్దగా చెప్పుకుంటే బాగుండేది.

శనివారం బులవార్ దే లీస్ సంతలో కిలో ఎర్ర కమార్గ్ బియ్యం కొన్నాం. ఫ్లాట్‌లో వండితే నలభై నిమిషాలకి పైగా పట్టింది. గింజ విడివిడిగా, నమిలితే కొంచెం తియ్యగా ఉంది. అమ్మాయి హాస్టల్ నుంచి తెచ్చిన గోంగూర పచ్చడితో ముగ్గురం గిన్నె ఖాళీ చేసి, చీకటి పడ్డాక మళ్లీ గట్టు మీదికి వెళ్లాం.