కచ్ బ్రాకియోపాడ్ శుభ్రం చేయడానికి ఏది మేలు: వెనిగరా, సూదా, పొటాష్ బిళ్లలా?

హైదరాబాద్ గ్రానైట్‌లో బ్రాకియోపాడ్ (రెండు పెంకుల జీవి) శిలాజం కోసం వెతక్కండి. వికారాబాద్ జిల్లా నస్కల్ దగ్గరి ఇంటర్‌ట్రాపియన్ పొరలూ (లావా పొరల మధ్య చిక్కుకున్న అవక్షేపాలు) మంచినీటివే, బ్రాకియోపాడ్ ఏమో సముద్రపు జీవి. ఫీల్డ్ ట్రిప్‌లో కచ్ నుంచి తెచ్చిన జురాసిక్ టెరెబ్రాటులిడ్, రింకోనెల్లిడ్ (రెండూ బ్రాకియోపాడ్ రకాలే) శిలాజాలనే ఇక్కడ దృష్టిలో పెట్టుకున్నాం.

చాలామంది చెయ్యి ముందు వెనిగర్ సీసా మీదికే పోతుంది. అదే పొరపాటు. వీటి పెంకు కాల్సైట్, అంటుకున్న సున్నపురాయీ కాల్సైటే. ఆమ్లానికి రెండూ ఒకటే. టెరెబ్రాటులిడ్ పెంకును 10 రెట్ల లెన్సులో చూస్తే సూదిమొన పొడిచినట్టు సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. గుర్తింపుకు అవే ఆధారం, ఆమ్లం ముందు తినేదీ వాటినే. విరిగిన ముక్క మీద ఒక్క చుక్క పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయండి. పెంకు పొంగితే ఆమ్లం మాట మరిచిపోండి. రాయి పొంగి పెంకు పొంగకపోతే అది సిలికాగా మారి ఉండొచ్చు, అప్పుడు 10 శాతం ఆమ్లం బాగా పనిచేస్తుంది. లింగులా అనే మరో బ్రాకియోపాడ్ పెంకు ఫాస్ఫేట్ కాబట్టి దానికి పలచటి అసిటిక్ ఆమ్లమే వాడాలి, హైడ్రోక్లోరిక్ వద్దు.

గట్టి సున్నపురాయికి సూదే మేలు. పిన్‌వైస్‌లో (సూదిని పట్టుకునే చిన్న చేతి పిడి) బిగించి, శిలాజాన్ని ఇసుక మూట మీద ఆనించి, మొన ఎప్పుడూ పెంకు వైపు కాకుండా బయటికి తిప్పి గీకాలి. రెండు పెంకులు కలిసే గీతలో సూది పెట్టి ఎత్తారో, విడిపోతాయి. పెంకు ముక్కు దగ్గర, జీవి కాడ బయటికొచ్చే రంధ్రాన్ని చివర్లో ముట్టుకోండి, దాని చుట్టూ పలకలు పలచన.

బంకమట్టి అంటుకుంటే మాత్రం పొటాష్ బిళ్లలదే, అంటే పొటాషియం హైడ్రాక్సైడ్‌దే, పైచేయి. గ్లవ్స్, కళ్లజోడు తప్పనిసరి. మట్టి మీద మాత్రమే రెండు మూడు బిళ్లలు పెట్టి రాత్రంతా వదిలేయండి. గాలిలో తేమ పీల్చుకుని అవే కరిగి మట్టిని వదులు చేస్తాయి. వానాకాలంలో ఇట్టే కరుగుతాయి. ఏప్రిల్, మే ఎండల్లో అలాగే కూర్చుంటే ఒక్క చుక్క నీళ్లు, అంతే. వేడెక్కుతాయి, జాగ్రత్త. చవకని హార్డ్‌వేర్ షాపు కాస్టిక్ సోడా తెచ్చారో, మిగిలిన సోడా తర్వాత తెల్లటి పూతగా బయటికొస్తుంది.

మెత్తటి బ్రష్‌తో తుడిచి, రోజూ నీళ్లు మారుస్తూ మూడు నాలుగు రోజులు నానబెట్టండి. ఆఖరి కడుగు బోరు నీళ్లతో వద్దు, ఆరాక తెల్లటి పొర మిగులుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి, అందులో ఎర్ర లిట్మస్ ముంచండి. నీలంగా మారితే ఇంకో రోజు నాననివ్వండి.